తలలో ఎడం

బాగలూరు,
జూన్ 1998

కృష్ణగిరి కొండ కింద కాపురముంటున్న మా నమితక్కకు, బాగలూరు నుంచి తమ్ముడు మహేంద్ర తల వంచి రాస్తున్నది ఏమంటే,

ఈ వారం నుంచి నేను డాక్టరునయ్యాను. నవ్వొద్దు. నవ్వితే మందు పారదట.

తాత దినాలు ముగిసిన మరుసటి ఆదివారం, తెల్లారి తలుపు తీసేసరికి మన అరుగు మీద నలుగురు తూర్పుకు తిరిగి తలలు వంచుకొని కూర్చున్నారు. తాత పోయిన సంగతి వాళ్లకు తెలుసు. తిమ్మరాయప్ప తాత పోయాక, తలలో మచ్చలుగా జుట్టు రాలితే వేసే ఆ పేనుకొరుకుడు మందు కూడా ఇక లేదని చెప్పబోయాను. వాళ్లలో ఒకడు, మన వీధి చివరి లారీ డ్రైవరు ముత్యాలప్ప, నన్ను చెప్పనివ్వలేదు. "పెద్దాయన పోతే ఏమప్పా, చెయ్యి పోలేదు గదా" అన్నాడు. ఈ మందు తాత చేతి నుంచి మనవడి చేతికి వస్తుందట, కొడుకును దాటుకొని. ఆ మాట వినగానే మన నాయన ముఖంలో కనిపించిన నెమ్మదిని నువ్వు చూడాల్సింది. "నువ్వు చదివింది ఆకుల చదువే గదా. పో, ఆకు రుద్దు" అని చెంబు తీసుకొని తోట దిక్కుకు పోయాడు. కృష్ణగిరి కాలేజీలో మూడేళ్లు వృక్షశాస్త్రం వెలగబెట్టినందుకు నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇది. హోసూరు ఫ్యాక్టరీలకు పెట్టిన దరఖాస్తులు ఇంకా మౌనవ్రతంలోనే ఉన్నాయి.

పద్ధతి నీకు తెలిసిందే. మచ్చ మీద గరుకాకుతో ఎర్రబడేదాకా రుద్దడం, కళ్లు మండించే చిన్న ఎర్రగడ్డల ఉల్లిరసం పూయడం, మూడు ఆదివారాలు. పథ్యం చెప్పేటప్పుడు తాత గొంతు అరువు తెచ్చుకున్నాను. వంకాయ ముట్టొద్దు, ఎండుచేప వద్దు, పులుపు తగ్గించాలి, రాగిముద్దలోకి మునగాకు కూర, పొద్దున పిడికెడు నల్ల నువ్వులు బెల్లంతో. కూర్చున్నవాళ్లు నోరు మెదపకూడదు, లేచి పోయేటప్పుడు వెనక్కి చూడకూడదు. ఇంత నిశ్శబ్దంగా నా మాట విన్నవాళ్లు ఇంతకుముందు ఎవరూ లేరక్కా. అలవాటైపోతుందేమోనని భయంగా ఉంది.

తాత చేస్తుండగా ఎన్నిసార్లు చూసినా ఒక్కటి మాత్రం నాకు తెలియలేదు. మచ్చ చల్లగా ఉంటుంది. ముత్యాలప్ప తలంతా వెచ్చగా ఉంది, కుడి చెవి పైన ఆ మచ్చ ఒక్కటే బావిలోంచి తీసిన రాయిలాగా ఉంది. ఒక వైపు నొక్కుకుపోయిన చింతగింజ ఆకారం. రుద్దుతూ ఉంటే ఆ చల్లదనం నా వేళ్లలోకి ఎక్కింది. పొయ్యి ముందు కూర్చున్నా చాలాసేపు దిగలేదు.

బావకు, అమ్మణి అత్తకు నమస్కారాలు. కడుపులో ఉన్న నా మేనల్లుడికి కూడా. మేనకోడలైతే ఈ వాక్యాన్ని దిద్దుకోమను.

ఇట్లు,
ఆదివారం వైద్యశిఖామణి, బి.ఎస్సి.,
నీ తమ్ముడు మహేంద్ర


బాగలూరు,
జూలై 1998

సుమంగళీ సౌభాగ్యవతి అక్కకు, అందగాడిగా ఇవే చివరి రోజులు గడుపుతున్న తమ్ముడు రాస్తున్నది,

ముత్యాలప్పకు వెంట్రుకలు వచ్చాయి. మూడో ఆదివారానికి చెవి పైన తెల్లటి నూగు, ఇప్పుడు నల్లగా కందిగింజ పొడుగు. నా కీర్తి సర్జాపురం దాకా పాకింది. ఆ కీర్తిని దువ్వుకొని ఊరేగిద్దామని ఆంజినప్ప క్షౌరశాలకు పోయాను.

ఆంజినప్ప కత్తెర ఆడిస్తూ ఆడిస్తూ ఆగిపోయాడు. అద్దంలో చూస్తే కళ్లు నా కుడి చెవి పైన ఉన్నాయి. ఏమని అడిగాను. దువ్వెన తుడిచి పక్కన పెట్టాడు.

"ఈ మచ్చ నాకు తెలుసప్పా" అన్నాడు చివరికి. "ఇది ముత్యాలప్పది."

చిన్న అద్దం వెనక పట్టి చూపించాడు. చింతగింజ. అదే వైపు అదే నొక్కు.

నేను జోకు వేశానక్కా. ఏమి జోకో గుర్తులేదు. ఆంజినప్ప నవ్వలేదు. మన తాతకు తానెన్నడూ తల గొరగలేదనీ, గొరగాల్సిన పని పడలేదనీ చెప్పాడు. అప్పుడు నాకు తాతకు చివరి స్నానం చేయించిన రోజు కళ్ల ముందుకు వచ్చింది. తలపాగా విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తల ఇత్తడి బిందె. కనుబొమ్మలు కూడా లేవు. ముసలితనం అనుకొని నీళ్లు పోశాను. కనుబొమ్మల మీదికి దించి తలపాగా కట్టుకొనే మనిషిని అందుకోసమే కట్టుకుంటున్నాడని ఎవరు అనుకుంటారు?

ఇప్పుడు నాకు నాలుగు మచ్చలు. నలుగురి తలలూ అరుగు మీద కూర్చుంటే ఏది ఎవరిదో నేను పేరుపెట్టి చెప్పగలను. నా చెయ్యి నా తల మీద పనిచేయడం లేదు. అమ్మ ఊరుకుంటుందా? ఎర్రగడ్డల రసం, గుంటగలగరాకు నూనె, మందారాకు ముద్ద, పెరుగు, మెంతులు, వరుసగా పూసింది. నా తలలో ప్రస్తుతం ఒక పూర్తి భోజనం ఉంది, చారు ఒక్కటే తక్కువ. కడుపులోకి రోజూ ఉలవలు, కోడిగుడ్డు, మునగాకు. దున్నపోతు బలం వచ్చింది. ఒక్క వెంట్రుక రాలేదు.

ఇదంతా నవ్వడానికి రాశాను. అసలు సంగతి వేరే. మన తోట జాజులు మీ కృష్ణగిరి మార్కెట్టుకు తీసుకొచ్చే మునెమ్మ నిన్న అమ్మ లేనప్పుడు వచ్చింది. వారం వారం మనం నీకని వేరుగా కట్టి పంపే మూర నువ్వు తీసుకొని, ఆమె వీధి మలుపు తిరగకముందే గుడి మెట్ల మీద పెట్టేస్తున్నావట. "మీ అక్క పూలు పెట్టుకొని ఎన్నాళ్లాయెనో సామీ. కడుపుతో ఉండే బిడ్డ" అంది. తాత దినాలకు వచ్చినప్పుడు కొంగు తల మీద నుంచి ఒక్కసారి జారనివ్వలేదు నువ్వు. మర్యాద అనుకున్నాను. నువ్వు మా అక్కవి, నీకు అంత మర్యాద ఎప్పుడూ లేదు.

అక్కా, పూలు నిలవనంతగా పోయిందా?

ఉత్తరంలో రాయడం ఇష్టం లేకపోతే ఆదివారం రా. మాట్లాడకుండా కూర్చోవచ్చు. అది మా ఆసుపత్రి నియమం కూడా.

నీ
మహేంద్ర


కృష్ణగిరి,
జూలై

ఒరే మహేంద్రా,

నీ ఉత్తరం మా అంగడి గల్లాపెట్టె వెనక నిలబడి చదివాను. మీ బావ చూస్తే నవ్వుతున్నట్టు కనిపించాలని నవ్వుతూ చదివాను. నువ్వు నేర్పిన విద్యే.

పూలు నిలవనంత కాదు. దువ్వెన నిలవనంత. పెళ్లయిన మరుసటి ఏడాది నడినెత్తిన రూపాయి బిళ్లంత పోయింది. ఇప్పుడు ముందు ఒక పాయ, చెవుల దగ్గర రెండు పాయలు మిగిలాయి. వాటికి సవరం కట్టి, సవరానికి పిన్నులు కట్టి, పిన్నులకు నా ప్రాణం కట్టి తిరుగుతున్నాను. ఈయనకు తెలియదు. నిద్రపోయేటప్పుడు కూడా విప్పను. ఇక్కడి డాక్టరమ్మ తలలో సూదులు వేసింది. దానంతట అది వస్తుంది, దానంతట అది పోతుంది, గుడ్లు ఆకుకూరలు తినమంది. తిన్నాను. శుభకార్యాలు చేయని ఆడి నెల పోయాక సీమంతం పెట్టుకున్నారు. అత్త పదిమంది ముత్తయిదువల ముందు నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల దువ్వి, పూలజడ వేస్తుందట. ఆమెకు అదొక్కటే ముచ్చట. ఆ పీట అంటే భయంరా, తలుచుకున్నప్పుడల్లా సవరానికి ఇంకో పిన్ను గుచ్చుకుంటాను.

ఆదివారం రమ్మన్నావు. నేను ముందే వచ్చానురా. రెండేళ్ల కిందట, నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు, తాత ముందు అరుగు మీద కూర్చున్నాను. ఆయన జీవితంలో మొట్టమొదట వెనక్కి పంపిన మనిషిని నేనే. ఆకు చేతిలోకి తీసుకొని మళ్లీ కింద పెట్టేశాడు. "నా తల్లో ఇంగ ఎడం లేదమ్మా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తలపాగా ఎత్తి చూపించాడు. ఒక్క వెంట్రుక లేదు, ఇంకొకరి మచ్చ వచ్చి కూర్చోవడానికి చోటు లేదు; ఎడం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత, నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, "మహేంద్రుని తల ఉండాదిలే" అన్నాడు.

నేను ఆయన కాళ్లు పట్టుకొని, వానికి ఈ మందు నేర్పొద్దని అడిగాను. నేర్పకుండానే వచ్చి చేరింది నీకు.

నేను రాను. నువ్వు కూడా ఆ అరుగు దిగు. నా తల నా తలే.

నీ అక్క,
నమిత


బాగలూరు,
ఆగస్టు

మొండిదానివైన మా అక్కకు,

నీ ఆజ్ఞ సగం పాటించాను. అందరినీ వెనక్కి పంపేస్తున్నాను. సర్జాపురం నుంచి బండి కట్టుకొని వచ్చినవాళ్లను కూడా. మిగిలిన సగం పాటించలేను.

హోసూరు బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటారు చూడు. నడినెత్తి నుంచి నుదురు దాకా నేను అట్లా పట్టి ఉంచాను. అది నీ సీటు. నాకు ఇరవైరెండేళ్లు. పెళ్లి సంబంధాలు ఇంకా మొదలు కాలేదు, ఉద్యోగం వాళ్లు నా తల చూసి పిలవకపోవడం కాదు, చూడకుండానే పిలవడం లేదు. ఈ జుట్టుతో నాకు పని ఏముంది? నీకు పీట మీద కూర్చోవాల్సిన పని ఉంది.

ప్రతి ఆదివారం తెల్లారేముందు ఆకు కోసి, ఎర్రగడ్డలు దంచి, అరుగు మీద ఎవరినీ కూర్చోనివ్వకుండా కాపలా కాస్తున్నాను. వీధిలో వాళ్లు నాకు గాలి సోకిందంటున్నారు. సోకనీ. ఎడం ఖాళీగా ఉంది. వచ్చి కూర్చో.

తువ్వాలు వేసిన
నీ తమ్ముడు


బాగలూరు,
ఆగస్టు, సోమవారం

నా బంగారు అక్కకు,

వచ్చావు. చాలు.

రానని అంత గట్టిగా రాసి, ఒక్క మాట కూడా రాయకుండా వచ్చేశావు. నిన్న పొద్దున తలుపు తీసేసరికి ఇంకా మసక విడలేదు. అరుగు మీద నువ్వు, తూర్పుకు తిరిగి, ఆకుపచ్చ చీర కొంగు ముఖం మీదికి లాక్కొని. మొదటి బస్సు కూడా రాకముందే ఎట్లా వచ్చావని అడగబోయి, నియమం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే ఊళ్లో ఎవరూ నమ్మరు.

ముఖం ఒళ్లోకి వంచుకొనే ఉన్నావు, కొంగు నెత్తి మీద నుంచి వెనక్కి తీసినప్పుడు నాకు ఏడుపు వచ్చిందక్కా. పాయలు మిగిలాయని రాశావు, ఒక్క పాయ కూడా లేదు. నుదుటి నుంచి మెడ దాకా బోసి. ఎంత చల్లగా ఉందంటే ఆకు నా వేళ్లకు అతుక్కుపోయింది. మూసిన నోరు ఎంతోసేపు ఆగలేదు, నిన్ను నవ్వించాలని ముత్యాలప్ప కథ చెప్పాను, ఆంజినప్ప అద్దం కథ చెప్పాను. భుజాలు కూడా కదలలేదు. సరే, నియమం. రసం పూయగానే లేచి, వెనక్కి చూడకుండా వీధి దిగి పోయావు. అమ్మను కూడా చూడకుండా పోయావని చిన్న కోపం ఉంది, అది తర్వాత తేల్చుకుందాం.

ఈ పొద్దున లేచేసరికి నా దిండు మీద నా జుట్టంతా ఉంది. తలను వదిలేసి తాను ఇంకా నిద్రపోతున్నట్టు, మొత్తం ఒకే చోట. అద్దంలో చూస్తే కనుబొమ్మలు కూడా లేవు. అమ్మ అరిచిన అరుపుకు కోళ్లు గూడెక్కాయి. నేను మాత్రం నవ్వాను. నీ సీటు నీకు దొరికింది.

ఇంకా రెండు ఆదివారాలు ఉన్నాయి. మళ్లీ వచ్చేటప్పుడు అమ్మతో ఒక్క మాటైనా మాట్లాడి పో. మునగాకు మానొద్దు. సీమంతానికి ఈ తోటలో ఉన్న జాజులన్నీ నావి.

నీ
బోడి తమ్ముడు


కృష్ణగిరి,
ఆగస్టు, బుధవారం

మహేంద్రా,

ఈ ఉత్తరం అందగానే చదువు. ఆదివారం లోపల అందాలని మీ బావ తానే పోస్టాఫీసుకు పోతున్నాడు.

నేను రాలేదు.

శనివారం కాళ్లు వాచి, తల తిరిగి పడిపోయాను. ఆదివారమంతా ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. అత్త నా పక్కన, ఈయన నా కాళ్ల దగ్గర. నన్ను పడుకోబెట్టేటప్పుడు నర్సు సవరం పిన్నులు గుచ్చుకుంటాయని విప్పేసింది. అంతే. ఇన్నాళ్లు నేను ప్రాణం కట్టి దాచింది ఆమె రెండు వేళ్లతో తీసి నా సంచిలో పెట్టింది.

అత్త చూసింది. నేను గోడ వైపు తిరిగాను. లేచి పోయిందనుకున్నాను. పోయింది, నూనె సీసా తెచ్చుకొని వచ్చింది. నా బోడితలకు నూనె పెడుతూ, "నూనె తలకు గదా పెట్టేది, వెంట్రుకలకా? ఇన్నాళ్లు ఎండబెట్టినావే నా బిడ్డ తలను" అని తిట్టింది. ఈయనేమో సవరం సంచిలోంచి తీసి, చిక్కు పడిందని, దాన్ని ఒళ్లో పెట్టుకొని దువ్వుతూ కూర్చున్నాడు. పూలజడను గుడ్డకు కుట్టి తలకు కడతారట. ఎవరైనా అడిగితే తాను చెప్పుకుంటానని అత్త అంది. పీట అంటే నాకిక భయం లేదురా.

నా పాయలు మూడూ అట్లే ఉన్నాయి. ఆ ఆదివారం నా తలకు ఏమీ తెలియలేదు. నాకు ఆకుపచ్చ చీరే లేదు.

నువ్వు ఎవరి తల రుద్దావో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఈ ఆదివారం తలుపు తీయకు. ఇక్కడికి వచ్చేయి. బోడితలతోనే రా, ఇద్దరం అంగడి ముందు కూర్చుంటే బిందెల అంగడి అనుకుంటారు. చూడు, జోకు వేస్తున్నాను. రా.

నీ అక్క,
నమిత


కృష్ణగిరి బస్టాండు,
ఆదివారం

అక్కా,

నీ ఇంటికి నాలుగు వీధుల అవతల, టీ అంగడి బల్ల మీద కూర్చొని రాస్తున్నాను. ఈ కాగితం టీ అంగడాయన చేత పంపిస్తాను. నేను రావడం లేదు. ఎందుకో చెప్తాను, కోప్పడకుండా చదువు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. తెల్లారగానే నీ దగ్గరికి బయలుదేరాలని పూలు కట్టించుకున్నాను. ముందు తలుపు తీయకుండా పెరటి దోవన పోదామనుకున్నాను. పెరటి గడప మీద ఆ ఆకుపచ్చ చీర ఆమె కూర్చొని ఉంది. తూర్పుకు తిరిగి, తల వంచుకొని. కొంగు జారి ఉంది. నెత్తి మీద కొత్త జుట్టు, అరచేయి పొడుగు. వారంలో ఎవరికీ అంత పెరగదు.

తాత మాటే నాకు నోటికి వచ్చింది. నా తలలో ఇంక ఎడం లేదమ్మా అన్నాను. అప్పుడు ముఖం ఎత్తింది. వయసు చెప్పలేను. ఆ కనుబొమ్మలు మాత్రం నావి అక్కా. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడి ఎడమ కనుబొమ్మకు తగిలిన గాటు కూడా ఉంది. ఇరవైరెండేళ్లు అద్దంలో చూసుకున్నవి, పొరపాటు పడను.

"ఇంగా రెండు వారాలు ఉండాయి గదా, నాయనా" అంది. గొంతు చాలా మర్యాదగా ఉంది. కోపం లేదు, తొందర లేదు.

ఆమె పక్క నుంచి పూలబుట్ట ఎత్తుకొని పరుగెత్తాను. హోసూరులో కృష్ణగిరి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటు ఖాళీ. సూళగిరి దాటాక కండక్టరు వచ్చాడు. డబ్బులిస్తే రెండు టికెట్లు చింపి ఇచ్చాడు. ఒక్కటే అన్నాను. నా పక్కకు ఒకసారి చూసి, "ఆయమ్మకు నువ్వు తీయకుంటే ఎవరు తీస్తారప్పా?" అన్నాడు. ఆ వైపున నా భుజం అప్పటికే చల్లబడి ఉంది. చలిగాలి అనుకుంటూ వచ్చాను.

బస్సు దిగి నీ వీధి దిక్కుకు పది అడుగులు వేశానో లేదో, ఆగిపోయాను. నేను వస్తే ఒక్కడినే రాను. నీ ఇంట్లో కొత్త తల ఒకటి పెరుగుతోంది. తాత నుంచి మనవడికి వచ్చింది ఆ తర్వాత ఎటు పోతుందో నాకు తెలియదు, దానికి దారి చూపించేవాణ్ణి మాత్రం నేను కాకూడదు. నువ్వు నా కోసం రెండేళ్లు అరుగు ఎక్కకుండా ఉన్నావు. నేను నీ వీధి ఒకటి ఎక్కకుండా ఉండలేనా?

కాబట్టి మీ తమ్ముడు వెనక్కి పోయి, ఆకు పట్టుకొని మళ్లీ అరుగు మీద కూర్చుంటాడు. రెండు వారాలు మిగిలాయంటోంది, ఇచ్చేస్తాను. నా దగ్గర ఇంకా రెప్పల వెంట్రుకలు ఉన్నాయి. మీసం ఉంది, దాన్ని మీసమని ఊళ్లో ఎవరూ ఒప్పుకోకపోయినా. పూర్తయ్యాక వెనక్కి చూడకుండా పోతుందని నా నమ్మకం. పోకపోతే నాకు మాటలు చెప్పుకోవడానికి ఒక మనిషి. ఎంత చెప్పినా నవ్వదు, అదొక్కటే కష్టం.

పూలబుట్ట టీ అంగడాయన తెస్తాడు. తీసుకో. గుడి మెట్ల మీద పెట్టకుండా, గుడ్డకు కుట్టించుకొని, పీట మీద బాగా వెనక్కి ఆనుకొని కూర్చో. బావ దువ్విన సవరం కట్టుకో. గుడ్డు మానొద్దు.

హోసూరు బస్సు స్టార్టు చేశాడు. పరుగెత్తాలి. ఈసారి కండక్టరు అడగకముందే నేనే రెండు టికెట్లు అడుగుతాను.

నీ తమ్ముడు,
మహేంద్ర